పుట్టిన తేదీ ఉన్న పండుగ

క్వాంజా అసలు పండుగే కాదని, ఎవరో కూర్చుని కల్పించిందని కొట్టిపారేసేవాళ్ళు అమెరికాలో ఇప్పటికీ ఉన్నారు. కల్పించిన మాట నిజమే. 1965 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే వాట్స్ ప్రాంతం ఆరు రోజులు అల్లర్లతో అట్టుడికింది. 34 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాది అదే నగరంలో మౌలానా కరెంగా అనే నల్లజాతి ఉద్యమకారుడు ఈ పండుగకు రూపమిచ్చాడు. డిసెంబరు 26 నుంచి జనవరి 1 వరకు ఏడు రోజులు, రోజుకో ఆశయం. పుట్టిన తేదీ తెలిసినంత మాత్రాన పండుగ విలువ ఎలా తగ్గుతుంది? ఊరూ భాషా దేవుడూ, చివరికి పేరు కూడా లాగేసుకుని ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడలెక్కించిన మనుషుల వారసులకు తాతలనాటి పండుగ ఎక్కణ్ణుంచి వస్తుంది? లేదు కాబట్టే చేసుకున్నారు.

ఇద్దరు స్త్రీలను హింసించిన కేసులో 1971లో కరెంగాకు శిక్ష పడింది. దాన్ని దాచిపెట్టకూడదు. కానీ పండుగ ఏనాడో ఆయన చెయ్యి దాటిపోయి, కొవ్వొత్తి వెలిగించే ప్రతి ఇంటిదీ అయింది.

లైబ్రరీల్లో, చర్చి హాళ్ళలో పదిమందీ కలిసి చేసుకునే క్వాంజా చూడాలి. బల్ల మీద చాప, ఇంట్లో ఎందరు పిల్లలుంటే అన్ని మొక్కజొన్న కంకులు, ఏడు కొవ్వొత్తుల దీపస్తంభం. నడుమ నలుపు, ఒక పక్క మూడు ఎరుపు, మరో పక్క మూడు ఆకుపచ్చ. ఒక పెద్దావిడ కుండీలో మొక్కకు నీళ్ళు వదులుతూ పోయినవాళ్ళ పేర్లు పలుకుతుంది. బానిసలను తప్పించి విడిపించిన హ్యారియట్ టబ్‌మన్ పేరు పక్కనే సొంత అమ్మమ్మ పేరూ వస్తుంది. ప్రతి పేరుకూ హాలంతా 'ఆషే', అంటే తథాస్తు, అంటుంది.

తర్వాత జెంబే మోగుతుంది. ఒకే దుంగను తొలిచి, మేకతోలు బిగించిన డప్పు అది. నడిమధ్య అరచేత్తో కొడితే గంభీరంగా, అంచున వేళ్ళతో కొడితే ఖంగుమని పలుకుతుంది. ఈ మోతకు భయపడే 1740లో సౌత్ కరోలినా చట్టం చేసి మరీ బానిసలకు డప్పులు లేకుండా చేసింది. ముందు ఏడాది స్టోనో తిరుగుబాటులో వాళ్ళు డప్పులు మోగిస్తూ నడిచారు మరి. డప్పు పోతే చప్పట్లు కొట్టారు, కాళ్ళు తాటించారు, తొడలు చరిచారు. తాళాన్ని మాత్రం పోనివ్వలేదు. ఇవాళ ఆరేళ్ళ పిల్ల అందరిముందూ జెంబే మీద చెయ్యి వేస్తుంటే నాకు ఆ చట్టమే గుర్తొస్తుంది.

కథ చెప్పేవాళ్ళు 'ఆగో!' అని కేకేస్తారు. వినేవాళ్ళు 'ఆమే!' అనాలి. ఘనా నుంచి సముద్రం దాటొచ్చిన అనాన్సీ అనే సాలీడు ఆకాశదేవుడి దగ్గర లోకంలోని కథలన్నీ బేరమాడతాడు. వెల కింద కొండచిలువను, చిరుతను, కందిరీగలను పట్టి తేవాలి. బలం లేనివాడు బుద్ధితో గెలిచే ఈ కథ తోటల్లో చాకిరీ చేసినవాళ్ళకు ఎంత అవసరమో చెప్పాలా?

వాట్స్ రగిలిన 1965లోనే, అక్టోబరులో, అమెరికా వలస చట్టం మారింది. మన డాక్టర్లూ ఇంజినీర్లూ పెద్దఎత్తున వెళ్ళింది ఆ దారినే. నల్లవాళ్ళ పౌరహక్కుల పోరాటం లేనిదే ఆ తలుపు అప్పట్లో తెరుచుకునేది కాదని నా నమ్మకం. అక్కడి తెలుగు కుటుంబాలు ఈ సెలవుల్లో ఒక్క సాయంత్రమైనా పిల్లల్ని తీసుకుని వెళ్ళాలి. డిసెంబరు 31 రాత్రి కరాము విందుకు తలా ఒక వంటకం పట్టుకొస్తారు. మీరు అలసంద వడలు వండుకెళ్ళండి. అలసందల పుట్టిల్లు ఆఫ్రికాయే. ఇంచుమించు అలాంటి వడల్నే నైజీరియాలో అకరా అంటారు.