దాతల నడుగుడు

సంవత్సరమున కొకమారు గృహస్థుల గుమ్మ మెక్కి చందా పుచ్చుకొనుట, రసీదు వ్రాసి యిచ్చుట, మరల సంవత్సరము గడచువరకు వారి ముఖము చూడకుండుట - మన ధర్మసంస్థలలో పెక్కింటి యాచార మిదియే. ఇప్పుడు రసీదు పుస్తకమునకు మారుగా సెల్‌ఫోను వచ్చినది. ఆచారము మాత్రము మారలేదు. చందా యిచ్చువారు నానాటికి తగ్గుచున్నారని కార్యదర్శులు వగచుచుందురు. ఏల తగ్గిరని వారి నడిగినవా రెందరు?

లెక్కలు వ్రాయుట మనకు క్రొత్త కాదు. 1921లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము కోటి సభ్యులను, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలను, 20 లక్షల రాట్నములను సమకూర్ప నిశ్చయించెను. ఎందరు, ఎంత యను ప్రశ్నలకు లెక్కపుస్తకము బదులు చెప్పగలదు. ఏల యిచ్చితిరి, ఏల మానితిరి యను ప్రశ్నలకు చెప్పజాలదు. వానికి దాతయే చెప్పవలెను.

ఈ విషయమున అమెరికాలో జరిగిన యుదంత మొకటి గమనింపదగియున్నది. 1938లో అధ్యక్షుడు రూజ్వెల్టు పోలియో వ్యాధి నెదుర్కొనుటకై యొక జాతీయ సంస్థను నెలకొల్పెను. సామాన్యజనులు డైము లనబడు పది సెంట్ల నాణెములను దానికి పంపిరి. తుదకు మార్చ్ ఆఫ్ డైమ్స్ అనునదే దాని పేరై నిలిచెను. దాని ధనసహాయముతో సాల్కు వైద్యుడు సిద్ధపరచిన టీకా ఫలప్రదమని 1955లో ప్రకటితమయ్యెను. వ్యాధి తొలగినచో సంస్థతో నేమి పని? పోలియో భయము చేతనే జనులు కూడియుండినచో సంస్థ మూతపడవలసినదే. ఆ దశాబ్దముననే కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దాని స్వచ్ఛంద సేవకులను కలిసికొని, మీ రిందేల చేరితి రని విచారించిరి. ఆ విషయములను డేవిడ్ సిల్సు 1957లో గ్రంథముగా వెలువరించెను. తమ యింట నా వ్యాధి సోకినందున చేరినవా రొక తెగ మాత్రమే. పౌరధర్మమని చేరినవారును, నలుగురితో కలిసి పనిచేయు వేడుకచే చేరినవారును ననేకులు. 1958లో సంస్థ శిశువుల జన్మలోపములను నివారించు కార్యమునకు పూనుకొనెను, నేటికిని జీవించియున్నది.

అయితే అడుగుట యందును మోసపోవుట కలదు. అదే రూజ్వెల్టు 1936లో మరల ఎన్నికకు నిలిచినప్పుడు లిటరరీ డైజెస్టు పత్రిక సుమారు కోటి కార్డులను పంపెను. 20 లక్షలకు పైగా తిరిగివచ్చెను. ప్రత్యర్థి లాండనుదే జయమని పత్రిక చాటెను. రూజ్వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను! టెలిఫోనులు, మోటారు బండ్లు గలవారి జాబితాలే చాలవరకు ఆధారమగుటయు, బదులు వ్రాయనివారి మన సెట్టిదో తెలియకపోవుటయు నీ యపజయమునకు కారణములు. మన సంస్థలకును నిదే ప్రమాదము. వార్షికసభలో ముందు వరుస కుర్చీలలో కూర్చుండువారికి ప్రశ్నపత్రము పంచినచో అంతయు బాగున్నదనియే తేలును. రెండేండ్ల క్రిందట చందా మానుకొన్న యిరువదిమంది యిండ్లకు పోయి యడుగుట, వచ్చినవారికి వేయి కాగితములు పంచుటకంటె మేలని మా యభిప్రాయము.

న్యాయస్థానమున మా సాక్షిని మేము ప్రశ్నించునపుడు, జవాబును తనలోనే యిముడ్చుకొన్న ప్రశ్న వేయ ననుమతింపరు. "మా సేవ మిక్కిలి ప్రశంసనీయము గదా?" యని దాత నడుగువా రీ నియమమును జ్ఞప్తియం దుంచుకొందురు గాక! మీ రీ సంస్థకు మొదట నేల యిచ్చితిరి? మా పనిలో మీకు తెలియవచ్చిన దేమి? ఏది మాన్పింప దలచితిరి? ఇట్టివి నాలుగైదు చాలును. ఏ జవాబు వచ్చినను సంస్థ తన నడవడిని మార్చుకొన నుద్దేశింపనిచో ఆ ప్రశ్న నడుగుటయే దండుగ. దాత పేరు వ్రాయుమని నిర్బంధింపరాదు. పేరు వ్రాసినవాడు కటువుగా వ్రాయడు. సేకరించిన వివరములను అన్యుల కందించుట నమ్మకద్రోహము. వ్యక్తిగత సమాచార రక్షణమునకై 2023లో పార్లమెంటు చట్టమే చేసినది.

అన్నిటికంటె మన సంస్థలు మరచునది తుదిపని. అడిగి, విని, ఊరకుండుట అడుగకుండుటకంటె హీనము. మరుసటిమారు ఆ దాత కాగితము విప్పడు. రాబోవు వార్షికసభలో కార్యదర్శి ఆదాయవ్యయములతోపాటు, తామడిగిన ప్రశ్నలను, వచ్చిన జవాబులను, నిష్ఠూరములతో సహా చదువవలెను. వానినిబట్టి మార్చిన దేదియో, మార్చజాలని దేదియో, ఏల మార్చజాలరో సభ్యుల యెదుట చెప్పవలెను. సభకు రాని చందాదారునకు ఆ పత్రమును తపాలులో పంపుటకు పట్టు వ్యయము స్వల్పము.