గాలి తీసినంతనే చాలునా? ఇంటి నిలువకు వాక్యూము యంత్రము

పండించుట యొక విద్య. పండినదానిని సంవత్సరము పొడుగున చెడకుండ నిలుపుకొనుట మరియొక విద్య. మొదటిదానిని గూర్చి మన సంఘసభలలో తరచుగ చర్చ జరుగుచుండును. రెండవది ఆడువారి పనియని విడిచిపెట్టుచున్నాము. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల ప్రత్తి, మిరప రైతు తన పంటలో అధికభాగమును విపణికి పంపి, ఇంటి కొరకు కొన్ని బస్తాల ధాన్యమును, కొలది కందులు, మినుములు, శనగలు, ఏడాదికి సరిపడు ఎండుమిరపకాయలు మాత్రమే దాచుకొనును. ఆ కొద్ది నిలువయు పుచ్చిపోయినచో, తాను పండించిన వస్తువునే అంగడిలో మరల వెలయిచ్చి కొనవలసి వచ్చును. ఇంతకంటె చింతింపదగిన విషయము రైతునకు వేరొకటి లేదు.

ఇట్టి నిలువ కొరకై సంచిలోని గాలిని లాగి మూతిని వేడిచే అతుకు వాక్యూము ప్యాకింగు యంత్రములు ఇప్పుడు విరివిగ విక్రయింపబడుచున్నవి. వానిని కొనవచ్చునా, కొన్నచో నెట్టివానిని కొనవలెనను ప్రశ్న విచారింపదగినది. మా యభిప్రాయమిది: ఇంటింటికి నొక యంత్రము అనవసరము, సంఘమునకు మంచి యంత్రమొకటి యవసరము, సరకులోని తేమను పరీక్షింపకుండ నే యంత్రమును ముట్టరాదు.

గాలి చొరకుండ గింజను దాచుట మనకు క్రొత్త కాదు. మెట్ట ప్రాంతములలో జొన్నలను పాతరవేయుట పూర్వాచారము. మూసిన పాతరలో గింజయు, గింజలోని పురుగును శ్వాసించి ప్రాణవాయువును హరించును, బొగ్గుపులుసు వాయువు నిండును, పురుగు చచ్చును. అందుచేతనే పాతర మూత తీసిన వెంటనే లోనికి దిగరాదనియు, ముందు దీపమును దించి చూడవలెననియు పెద్దలు చెప్పెడివారు. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనెయు గాలిని అడ్డగించునదియే. పాతర చేయు పనిని యంత్రము చిన్న సంచిలో త్వరగ చేయుచున్నది. అయితే పాతరలో తడి జొన్నలు పోసిన రైతునకు ముక్కిన జొన్నలే దక్కెను. ఆ నియమము యంత్రమునకును వర్తించును.

ఏలయన గాలి వేరు, తేమ వేరు. యంత్రము సంచిలోని గాలిని తీయును గాని గింజ గర్భములోని తేమను తీయజాలదు. పైగా లోపలి తేమ వెలుపలికి పోవు మార్గము మూసికొనిపోవును. ఎండుమిరపలో తేమ నూటికి 11 వంతులకు మించరాదని మన దేశపు ఆహార ప్రమాణములు విధించినవి. తేమ మిక్కుటమైన కాయకు ఆస్పర్జిల్లస్ అను బూజు పట్టి, అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. ఈ విషము కాలేయమునకు హానికరము. వేయించినను ఉడికించినను పూర్తిగ పోదు. ఒకసారి పుట్టిన తరువాత గాలి తీసినంతమాత్రమున తొలగదు. ఐరోపా సమాఖ్య దేశములు కిలో మిరపలో ఈ విషపు బి1 రకము 5 మైక్రోగ్రాములు, అన్ని రకములు కలిసి 10 మైక్రోగ్రాములు దాటిన సరకును అంగీకరింపవు. మేలైన కాయను గుంటూరు యార్డునకు పంపి, మచ్చకాయను ఇంట నుంచుకొను అలవాటు మనలో కొందరికి గలదు. పరదేశపు వర్తకుడు త్రోసివేయు కాయను మన బిడ్డల కూరలో వేయుట న్యాయమా? నిగనిగలాడు సంచిలో బిగించినంతమాత్రమున చెడుకాయ మంచికాయ కాదు.

కావున మొదటి ఖర్చు యంత్రమునకు గాక, ఆరబెట్టుటకు పెట్టవలెను. కాయలను వట్టి నేలమీద గాక శుభ్రమైన పట్టాలపై నెండబెట్టి, రాత్రులు మంచు తగులకుండ కప్పవలెను. గింజల తేమ తెలియుటకు సులభమైన పరీక్ష యొకటి గలదు. పొడి గాజుసీసాలో కొన్ని గింజలును రెండు మూడు చెంచాల పొడి యుప్పును వేసి, మూత బిగించి, కొన్ని నిమిషములు కదిపి నిలుపవలెను. ఉప్పు సీసా గోడల నంటుకొన్నచో తేమ సుమారు నూటికి 15 వంతులకు మించియున్నదని గ్రహింపవలెను. అంటుకొననంతమాత్రమున సరకు నిలువకు సిద్ధమైనదని భావింపరాదు. మిరపకు, పప్పుధాన్యములకు ఇంతకంటె తక్కువ తేమ యుండవలెను. అందులకు తేమకొలత యంత్రమే శరణ్యము. ఎండిన సరకు చల్లారిన పిమ్మటనే సంచి కెత్తవలెను. వేడిమీద మూసినచో లోపల చెమ్మ పట్టును.

ఇక యంత్రముల సంగతి. ఇవి ముఖ్యముగ రెండు తెగలు. మొదటిది చిన్నది, సంచి మూతిని మాత్రము పట్టుకొని గాలిని లాగును. వెల తక్కువ, కాని సాధారణముగ దీనికి లోపల గరుకు గీతలుగల ప్రత్యేకపు సంచులే కావలెను, వాని వెల యెక్కువ. యంత్రపు వెలను మాత్రమే చూచి కొన్నవారు సంచులకై యేటేట చెల్లించుచుందురు. మిరపపొడి వంటివి గాలితోపాటు మూతివరకు లాగబడి అతుకును చెరుపును. రెండవది పెట్టెవంటిది, సంచిని మొత్తముగ పెట్టెలోపల నుంచి గాలిని తీయును. దీనికి వెలయు బరువును అధికము. కాని నునుపైన చౌక సంచులు చాలును, అతుకు గట్టిగ నుండును, ఎడతెగక పనిచేయగలదు.

ఏ తెగ యైనను సంచి రకమును విచారింపవలెను. వట్టి పాలిథీన్ తేమను అడ్డునుగాని ప్రాణవాయువును చాలినంత అడ్డదు. నైలాన్ పొర కలిసిన సంచి మేలు. ఎండుమిరప తొడిమలు సంచిని పొడుచును. కావున తొడిమలు తీసియైనను, కాగితము చుట్టియైనను పెట్టవలెను. మూతివద్ద నాలుగు వ్రేళ్ల మేర ఖాళీగ విడిచి, పొడి లేకుండ తుడిచి అతుకవలెను. మరునాడు సంచి వదులైనచో ఎక్కడనో చిల్లి గలదని తెలియవలెను. గాలి తీసిన సంచిని సహితము చీకటిలో, చల్లని తావున నుంచవలెను. వెలుతురునకు మిరప రంగు వెలిసిపోవును.

ఏడాది సరకును ఒకే సంచిలో బిగించుట తెలివి కాదు. నెల కొకటి చొప్పున 12 సంచులు చేయవలెను. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల వద్ద తీరము దాటినది. అట్టి ముసురులో పెద్దసంచి మూతి విప్పినచో సరకంతయు మెత్తబడును. చిన్నసంచి యైనచో ఆ నెల సరకునకే ముప్పు.

బస్తాల కొలది కందులకు, శనగలకు ఈ యంత్రమే యనవసరము. 1980వ దశకము చివర అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు ఆఫ్రికాలోని కామెరూన్ రైతుల అలసందల కొరకు మూడు పొరల సంచిని రూపొందించిరి. లోపల రెండు పాలిథీన్ సంచులు, పైన నొక నేత సంచి. ఒక్కొక్కదాని మూతిని బిగించి కట్టుటయే పని. లోపలి పురుగు తన శ్వాసచేతనే ప్రాణవాయువును తగ్గించుకొని నశించును. కరెంటు అక్కరలేదు. పుచ్చుపురుగు గ్రుడ్లు చేనిలోనే కాయపై పడి గింజతో నింటికి వచ్చును గనుక, ఎండిన వెంటనే కట్టుట మంచిది.

ఒక హెచ్చరిక. అన్నము, ఉడికిన కూరలు, నూనెలో వేసిన వెల్లుల్లి మున్నగు తడిపదార్థములను గాలి తీసి బయట నిలువ యుంచరాదు. ప్రాణవాయువు లేని తడిలో పెరుగు బొటులినమ్ అను సూక్ష్మజీవి ప్రాణాంతకమైన విషమును పుట్టించును. వాసనచేతను రుచిచేతను దానిని కనిపెట్టలేకపోవచ్చును. ఊరగాయలకు మన జాడీయే చాలును.

సంఘపు యంత్రము కొరకు వేచియుండుటకంటె సొంతముగ కొనుట సుఖమని కొందరు చెప్పవచ్చును. పట్టణములో బ్రతుకుచు వారము వారము సరకు తెచ్చుకొనువారికి ఆ మాట తగును. రైతు కుటుంబమునకు ఈ పని కోతల తరువాత కొన్ని దినములు మాత్రమే. తక్కిన కాలమంతయు మూలబడు వస్తువునకు నూరు కుటుంబములు వేర్వేరుగ ధనము వెచ్చించుట సహకార సూత్రమునకు విరుద్ధము. ఒక పెట్టె యంత్రము, ఒక తేమకొలత యంత్రము, టోకున తెప్పించిన సంచులు గోదాములో నుంచి, వంతుల వారీగ దినములు నిర్ణయించి, స్వల్పరుసుము పుచ్చుకొన్నచో చాలును. మిరప బిగించిన పిమ్మట పప్పు పెట్టుటకు ముందు యంత్రమును తుడుచుటకును, నూనె పంపు గలదైనచో నూనె మార్చుటకును ఒకరిని బాధ్యులుగ నియమింపవలెను. అందరి సొత్తు ఎవరికిని పట్టని సొత్తు కారాదు.

కల్లములకు మిరప దిగకమునుపే ఈ విషయమును సర్వసభ్య సమావేశములో చర్చకు పెట్టుదురు గాక. ఆ సమావేశమునకు ఇంటి నిలువను కాపాడు స్త్రీలను తప్పక పిలువవలెను. ఏ గింజ ఎన్నినాళ్లు నిలుచునో, ఎంత సంచి ఒక నెలకు సరిపడునో వారికి తెలిసినంత మనకు తెలియదు.