పిల్లికి ఏటేటా టీకాలా?

మా పిల్లికి బూస్టర్ టీకాల గడువు ఈ మాసంలో వచ్చింది. "ఇంట్లో తిరిగే పిల్లికి ఏటేటా సూదులెందుకు?" అని మా ఇంటివారి ఆక్షేపణ. అందులో సగమే నిజం.

పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసి అనే మూడు వైరస్‌లకు కలిపి ఇచ్చే టీకా విషయంలో ఆ మాట చెల్లుతుంది. కూనగా ఉన్నప్పుడు వరుస టీకాలు పూర్తిచేసి, తొలి బూస్టర్ కూడా వేయించిన పిమ్మట, బయటి పిల్లులతో పొత్తులేని పిల్లికి మూడేళ్ళకొకసారి చాలునని అంతర్జాతీయ పశువైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. సూది వేసిన చోట బహు అరుదుగా క్యాన్సరు కంతి పుట్టడమూ కద్దు గనుక, అతి ఇక్కడా వర్జ్యమే.

రేబిస్ మాట వేరు. లక్షణాలు పొడసూపిన పిదప దానికి చికిత్స లేనట్లే. మా మార్జాలం పగలంతా అరుగుపై తపస్సు చేస్తుంది. రాత్రివేళ ప్రహరీ దాటి ఏ వీధికుక్కల కంటబడుతుందో దైవానికెరుక. నిరుడు మా ఇంట అంట్లు తోమే ఆమె చేతిని గీరింది. పావుగంటసేపు సబ్బుతో కడిగించి ఆసుపత్రికి తీసుకుపోయాను. విడతలవారీగా సూదులకు తిరుగుతూ ఆమె పనులు మానుకోవలసి వచ్చింది. ఇంటికి వచ్చి పిల్లి టీకా కార్డు చూస్తే, గడువు దాటి నాలుగు నెలలు! పిల్లికి టీకా ఉన్నంతమాత్రాన మనిషికి సూదులు మానరాదు, నిజమే. అయినా ఆమె భయానికి నా అలసత్వం తోడైందన్న సిగ్గు నన్నింకా విడవలేదు.

కనుక గోడలు దూకే మా పిల్లికి ఆ మూడింటి టీకా ఎన్నాళ్ళకొకసారి అన్నది పశువైద్యుని విచక్షణకు వదిలాను. రేబిస్ టీకాను మాత్రం దాని పత్రంలో చెప్పిన గడువుకు తప్పక వేయిస్తాను. అది నా పిల్లి కోసమే కాదు, నా గడప తొక్కే ప్రతి మనిషి కోసం.