రెండు బటన్ల హిసాబ్



2024 మే 13న సూళ్లూరుపేటలో ఓటేసిన ప్రతి ఒక్కరం రెండు బటన్లు నొక్కాం. ఒకటి ఎమ్మెల్యేకి, ఇంకొకటి ఎంపీకి. జూన్ 4న లెక్క తేలింది. సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి, సర్వేపల్లి, సత్యవేడు, శ్రీకాళహస్తి, తిరుపతి, ఏడుకి ఏడు అసెంబ్లీ సీట్లూ కూటమికే. ఆరింట సైకిల్, తిరుపతిలో గ్లాసు. అవే ఏడు చోట్ల, అదే రోజు, అదే జనం వేసిన ఎంపీ ఓట్లు లెక్కపెడితే మాత్రం ఫ్యాన్ గుర్తు మీద మద్దిల గురుమూర్తి 14,569 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఆ సీట్లో కూటమి తరఫున నిలబడింది కమలం.

రాష్ట్రంలో 25 ఎంపీ సీట్లుంటే ఆ ఏడాది వైఎస్సార్ కాంగ్రెస్‌కి మిగిలినవి నాలుగు: కడప, రాజంపేట, అరకు, తిరుపతి. కడప పక్కనపెడితే మిగతా మూడింట్లోనూ ఎదుట ఉన్నది బీజేపీయే. రాజంపేట, అరకుల్లో కొన్ని అసెంబ్లీ సీట్లయినా ఫ్యాన్‌కి వచ్చాయి. ఒక్క ఎమ్మెల్యే కూడా లేకుండా ఎంపీ గెలిచింది మన దగ్గరే.

ఇది ఎలా జరిగిందో అర్థం కావాలంటే సీట్లు ఎలా పంచుకుంటారో చూడాలి. ఆ మార్చిలో కూటమి హిసాబ్ ఇలా తేలింది: ఎంపీ సీట్లలో తెలుగుదేశానికి 17, బీజేపీకి 6, జనసేనకి 2. అసెంబ్లీలో 144, 10, 21. పొత్తులో దోస్త్‌కి ఏ సీటు ఇస్తారు? తాను ఖాయంగా గెలిచే సీటు ఎవరూ ఇవ్వరు. తిరుపతి ఎంపీ సీటు తెలుగుదేశం సొంతంగా గెలిచింది ఎప్పుడో 1984లో. 1999లో పొత్తులో బీజేపీకి ఇస్తే వాళ్లు గెలిచారు. 2014లో మళ్లీ ఇచ్చారు, ఓడిపోయారు. 2021 ఉప ఎన్నికలో జనసేన దారి ఇస్తే బీజేపీ అభ్యర్థికి డిపాజిట్ కూడా దక్కలేదు. అయినా 2024లో మళ్లీ వాళ్లకే. తమాషా ఏమిటంటే, 2014లో ఫ్యాన్ గుర్తు మీద బీజేపీని ఓడించిన వరప్రసాదరావు గారే 2024లో బీజేపీ అభ్యర్థి! పెద్ద పార్టీ ఈ సీటుని ఎలాగూ మనది కాదులే అన్న ఖాతాలో రాసేసి, పొత్తు ఖర్చు కింద చెల్లించిందని నా అనుమానం.

అమెరికాలో ప్రెసిడెంట్ ఎన్నిక మొత్తం ఈ హిసాబ్ మీదే నడుస్తుంది. అక్కడ మొత్తం ఎలక్టోరల్ ఓట్లు 538, గెలవడానికి 270 కావాలి. 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రం ఓట్లన్నీ గెలిచినవాడికే. అందుకని పార్టీలు రాష్ట్రాల్ని మూడు కుప్పలు పోస్తాయి: పక్కాగా మనవి, పక్కాగా వాళ్లవి, ఎటో తెలియనివి. డబ్బూ, నాయకుడి టైమూ మూడో కుప్పకే పోతాయి. 2024లో ఆ కుప్పలో ఉన్నవి ఏడే రాష్ట్రాలు. మనవాళ్లు లక్షల్లో ఉన్న కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూజెర్సీ వాటిలో లేవు. 2008లో మెకెయిన్ గెలవలేమనుకుని ఎన్నికకి నెల ముందే మిషిగన్‌లో ప్రచారం ఆపేశాడు. అదే మిషిగన్‌ని 2016లో ట్రంప్ 10,704 ఓట్లతో గెలిచాడు.

ఆ మిషిగన్‌లోనే డియర్‌బార్న్ ఉంది, అరబ్బు ముసల్మానులు ఎక్కువగా ఉండే ఊరు. గాజా మీద గుస్సాతో 2024 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రంలో లక్షమందికి పైగా డెమొక్రాట్ ఓటర్లు బైడెన్‌కి వేయకుండా 'ఎవరికీ కాదు' అని వేశారు. నవంబరులో డియర్‌బార్న్‌లో ట్రంప్ మొదటి స్థానంలో వచ్చాడు. వాళ్లు కోరుకున్నది వాళ్లకి దక్కిందా అంటే, నాకైతే కనిపించలేదు. కానీ ఆ ఏడాది వాళ్ల గడప తొక్కకుండా ఎవరికీ కుదరలేదు.

ఇక మన మొహల్లాల సంగతి. ఇక్కడ ఎంపీ సీటూ, ఎమ్మెల్యే సీటూ రెండూ ఎస్సీ రిజర్వుడు. అది దళిత భాయిల హక్కు, నాకు షికాయత్ లేదు. మనం ఇక్కడ పోటీదారులం కాదు, ఖాలీ ఓటర్లం. ఓటరుకి ఉన్న ఇజ్జత్ అంతా ఎటు వేస్తాడో తెలియకపోవడంలోనే ఉంటుంది. మన ఓటు మాత్రం ఒక పార్టీ ఖాతాలో 'ఎలాగూ మనదే', ఇంకో పార్టీ ఖాతాలో 'ఎలాగూ రాదు'. మొదటివాడు అడగడానికి రాడు, రెండోవాడూ రాడు. వస్తే రంజాన్‌లో ఇఫ్తార్‌కి టోపీ పెట్టుకుని ఖర్జూరం తిని ఫోటో దిగిపోతారు.

2024లో మనకి సవాల్ సాఫ్‌గా ఉండింది. నాలుగు శాతం రిజర్వేషన్ కాపాడతామని చంద్రబాబు నాయుడు గారు అన్నారు. ముస్లింలకి రిజర్వేషన్ తీసేయాలని పొత్తులో ఉన్న బీజేపీ నాయకులు అన్నారు. ఒకే కూటమి, రెండు జబాన్లు. మరి ఓటరు రెండు బటన్లని రెండు రకాలుగా నొక్కితే అందులో వింతేముంది? అలా నొక్కిన వాళ్లలో మనవాళ్లెందరో, దళితులెందరో, క్రైస్తవులెందరో, అభ్యర్థి నచ్చని మామూలు తెలుగుదేశం వాళ్లెందరో ఏ మెషీనూ చెప్పదు. అంతా మన వల్లే అయిందని ఛాతీ విరుచుకోవడం తప్పు.

2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభకి వచ్చినప్పుడు తెలుగుదేశం మద్దతిచ్చింది, వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది. 288 మంది ఔనన్నారు, 232 మంది కాదన్నారు. మన ఒక్క ఎంపీతో ఫైసలా మారలేదు, నిజమే. అయినా తిరుపతి సీటు ఏ వైపు లెక్కలో ఉందన్నది ఆ రాత్రి కనిపించింది.

మన బుజుర్గులు ఒక మాట అంటారు: కౌమ్ ఓటు చీలితే విలువ పోతుంది, ఇత్తెహాద్ ఉండాలి. వాళ్ల ఫికర్ నాకు తెలుసు. కానీ ఇత్తెహాద్ అంటే ఎప్పుడూ ఒకే గుర్తు అని కాదు కదా. షర్తులు ఒక్కటిగా ఉండాలి. రిజర్వేషన్ మీద కోర్టులో గట్టి వకీలుని పెడతారా, ఖబ్రస్తాన్ జమీన్ సర్వే చేయిస్తారా, ఉర్దూ స్కూల్లో టీచర్ పోస్టులు నింపుతారా? ఈ మూడూ రాసి, వచ్చిన ప్రతి పార్టీ వాడి ముందూ పెట్టాలి. ఎమ్మెల్యేకి ఒకరు, ఎంపీకి ఇంకొకరు నచ్చితే అలాగే వేయాలి. మొదటి కుప్పలోంచి బయటపడటానికి మనకున్న రాస్తా అదే.

దానికి ముందు ఒక చిన్న పని ఉంది. నికాహ్ అయి ఈ ఊరికి వచ్చిన కోడళ్ల ఓటు చాలా ఇళ్లలో ఇంకా మైకేలోనే ఉంది. దాన్ని ఇక్కడికి మార్చడానికి ఫారం 8, పద్దెనిమిది నిండిన పిల్లలకి ఫారం 6. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో పార్టీ బూత్ ఏజెంటుకి నోటికి వచ్చు, మనకే తెలియదు. ఈ జుమా తర్వాత లిస్టు తీసుకుని కూర్చుందాం, ఇన్షా అల్లాహ్. ఆపాలు, భాభీలు ఇళ్లలో అడిగి పేర్లు రాసి పంపండి.