ముక్త పేరు మేమూ చెప్పలేదు

సావిత్రిబాయి ఫూలే పేరు ఇప్పుడు వాడ పిల్లలకీ తెలుసు. సంతోషం. మరి ఫూలే దంపతుల బడిలో కూచుని చదివిన పిల్లలెవరు? ముక్తాబాయి సాల్వే వాళ్లలో ఒకతె. మాంగుల పిల్ల. మహారాష్ట్రలో మాంగులంటే ఇక్కడ మాదిగల లాంటోళ్లే. 1855లో, పద్నాలుగేళ్లకే, మాంగు మహర్ల దుఃఖం మీద ఆమె రాసిన వ్యాసం ‘జ్ఞానోదయ’ పత్రికలో అచ్చయింది. వేదాలు బ్రాహ్మణులవే అయితే మాకు మతమే లేనట్టు కదా అని నిలదీసింది. మా ఆడోళ్లు నెత్తిన కప్పు లేక వానలో, చలిలో కాన్పులవుతున్నారని రాసింది. ఏ పండితుడికి తట్టింది ఆ మాట?

పంతుళ్లం మేమూ ఏళ్ల తరబడి ఝాన్సీరాణి గుర్రం గురించి చెప్పాం, ముక్త గురించి చెప్పలేదు. పుస్తకంలో లేదు, నిజమే. మేమూ వెతకలేదు. ఈ పక్షం వాడ మీటింగుల్లో ఆమె సంగతి చెప్పించండి. చెప్పేది ఆడపిల్లే కావాలి.