మాంద్యము కూలివాని గుమ్మము చేరు త్రోవ

తోటలో పని తగ్గిన దినములలో లైనుల యందు తప్పక వినబడు మాట యొకటి కలదు. "వానికి పని పోయినదట, చేతకానివాడు గనుకనే పోయినది" అందురు. నెల తిరుగకముందే ఆ మాట అన్నవానికిని పని పోవును. అప్పుడు వాడు రాత్రియెల్ల మేలుకొని తన తప్పేమో యని వెదకుకొనును. ఆలస్యముగా లేచితినా, మేస్త్రీకి ఎదురు చెప్పితినా, పండుగనాడు రెండు దినములు ఎక్కువ నిలిచిపోతినా యని లెక్కించుకొనును. భార్యయు అదే అడుగును. ఈ వెదకులాటలో కుమిలిపోయిన కుటుంబములు అనేకములు. చదువరులారా, మీ యింటికి వచ్చిన కష్టము ఒక్కొక్కప్పుడు వేయి క్రోసుల దూరమున బయలుదేరి, మీ పేరైనను ఎరుగకయే మీ గుమ్మము చేరును. అది ఏ త్రోవను వచ్చునో తెలిసికొనుట మంచిది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1929వ సంవత్సరమున మొదలై పదేండ్లు పీడించిన మహా మాంద్యమును గూర్చి కొందరు వినియుందురు. అది ఎట్లు మొదలాయెనని అడిగిన, న్యూయార్కు నగరమందలి వాటాల బజారు కూలినదని చెప్పుదురు. కూలిన మాట నిజమే. ఆ యేడు అక్టోబరు 24వ తేదీ గురువారమున గగ్గోలు పుట్టెను. 29వ తేదీ మంగళవారమున ఒక్క దినమందే 1 కోటి 60 లక్షలకు పైగా వాటాలు చేతులు మారెను. సెప్టెంబరులో 381గా నుండిన డౌ జోన్సు సూచిక 1932 జూలై నాటికి 41కి దిగెను. అనగా నూరు రూపాయల సొత్తు పదకొండు రూపాయలైనట్లు. అయితే ఆ దేశమున వాటాలు కొన్నవారు నూటికి కొద్దిమందియే. వాటా యనగా నేమో యెరుగని ప్రత్తి కూలివాని బిడ్డలు ఎందుకు ఆకలిగొనిరి?

ఏలయనగా, మాంద్యము కనబడిన చోటు బజారు గాని, పుట్టిన చోటు పొలము. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున గోధుమలకును ప్రత్తికిని మంచి ధర పలుకగా, రైతులు అప్పులు చేసి భూములను యంత్రములను కొనిరి. యుద్ధము ముగిసిన పిమ్మట 1920లో ధరలు ఒక్కసారిగా పడిపోయెను. ధర పడినది గాని అప్పు పడలేదు. 1921 మొదలు 1929 వరకు అయిదు వేలకు పైగా బ్యాంకులు మూతపడెను; వానిలో పెక్కు పల్లెటూళ్ల చిన్న బ్యాంకులే. పట్టణములవారికి అది పట్టలేదు. వారు మోటారు కార్లను, రేడియోలను వాయిదాల మీద కొనుచుండిరి. కొందరు ధరలో పదవవంతు మాత్రమే చేతినుండి పెట్టి, తక్కినది అప్పు తెచ్చి వాటాలు కొనిరి. పల్లె క్రుంగుచుండగా పట్టణము అప్పు మీద వెలుగుచుండెను. ఆ తొమ్మిదేండ్ల పల్లె కష్టమును ముందుగానే కష్టమని యెంచియుండినచో తరువాతి కథ కొంత వేరుగా నుండెడిదని నా అభిప్రాయము.

అప్పు సంగతి కొంచెము నిలిచి చూడుడు, మాంద్యపు కీలు అందే యున్నది. 1929లో ప్రత్తి ధర పౌనుకు సుమారు 17 సెంట్లు. నూరు సెంట్లు ఒక డాలరు. 170 డాలర్ల అప్పున్న రైతు వెయ్యి పౌనులు, అనగా రెండు బేళ్లు అమ్మి అప్పు తీర్పగలడు. 1932 నాటికి ధర 6 సెంట్లకు దిగెను. అప్పు పత్రములో మాత్రము 170 డాలర్లే యున్నవి. ఇప్పుడు అదే రైతు 2,800 పౌనులకు పైగా, దాదాపు ఆరు బేళ్లు తేవలెను. అంత ప్రత్తికై వాడు మరి రెండు చాళ్లు ఎక్కువ నాటును. పొరుగువాడును అట్లే నాటును. అందరును ఎక్కువ నాటగా ధర ఇంకను పడును. ఎవడును తప్పు చేయలేదు, ఎవడును సోమరి కాలేదు; కష్టపడినకొలది అందరును మునిగిరి. ఈ ఒక్క సంగతి తెలిసిన పిమ్మట, పని లేనివానిని చేతకానివాడని అనుటకు నాకు నోరు రాదు.

పట్టణమున అదే పని వేరొక విధముగా జరిగెను. వాయిదా కట్టవలసినవాడు క్రొత్త చొక్కా కొనుట మానెను. చొక్కా అమ్ముడుపోని దుకాణదారుడు నౌకరును తీసివేసెను. ఆ నౌకరు చెప్పులు కొనుట మానెను. 1930 జూనులో అమెరికా ప్రభుత్వము పరదేశపు సరకుల మీద సుంకములు పెంచగా, ఇతర దేశములును అట్లే చేసెను. వ్యాపారము మరింత ఎండిపోయెను. 1933 నాటికి ఆ దేశమున పని చేయగల నలుగురిలో ఒకనికి పని లేదు.

బ్యాంకుల మాట చెప్పవలెను. బ్యాంకు డబ్బు దాచు పెట్టె యని మనము తలంచుదుము. మనము దాచినదానిలో హెచ్చుభాగమును అది ఇతరులకు అప్పిచ్చును. అందరును ఒక్కనాడే వచ్చి అడిగిన, మంచి బ్యాంకు కూడ ఇయ్యలేదు. న్యూయార్కు నగరమున బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్ అను ప్రైవేటు బ్యాంకు ఉండెను. అది 1930 డిసెంబరు 11వ తేదీన మూతపడెను. అందు సొమ్ము దాచినవారు సుమారు నాలుగు లక్షలమంది. వారిలో పెక్కురు బట్టలు కుట్టి బ్రదుకు వలస కుటుంబములవారు. పేరులో దేశము పేరుండుటచే అది ప్రభుత్వపు బ్యాంకే యని నమ్మినవారును కలరు. 1930 మొదలు 1933 వరకు మూతపడిన బ్యాంకులు సుమారు తొమ్మిది వేలు.

ఇక ప్రత్తి తోటలకు వత్తము. అమెరికా దక్షిణ రాష్ట్రములలో భూమి లేని కుటుంబములు పెద్ద భూస్వాముల తోటలలో సగపాలుకు ప్రత్తి పండించుచుండెను. వీరిలో 1865లో దాస్యము నుండి విడుదలైన నల్లవారి సంతతివారును, బీద తెల్లవారును కలరు. భూమి, విత్తనము, కంచరగాడిద దొరవి. ఉండు గుడిసెయు దొరదే. పంట చేతికి వచ్చువరకు తిండి గింజలు తోట దుకాణమున అరువు తెచ్చుకొనవలెను. ఆ అరువు పుస్తకము దొర గుమాస్తా చేతిలో నుండును. సంవత్సరాంతమున లెక్క చూచినప్పుడు పెక్కుమందికి చేతికి వచ్చునది మరియొక అప్పే. ఇది మన పెద్దలకు విననికథ కాదు.

1930లో అనావృష్టి వచ్చెను. ఆర్కన్సా రాష్ట్రమున ఇంగ్లండు అను పేరుగల చిన్న ఊరు కలదు. 1931 జనవరి 3వ తేదీన చుట్టుప్రక్కల రైతులు కొన్ని వందలమంది ఆ ఊరిలోనికి వచ్చి, మా పిల్లలకు తిండి కావలెనని నిలిచిరి. సహాయము పంచవలసిన రెడ్ క్రాస్ వారివద్ద వ్రాయించుకొను ఫారములు అయిపోయినవట! తరువాత వచ్చిన తిండి ఖర్చు రెడ్ క్రాస్ ఇచ్చునను మాట మీద దుకాణదారులు ఆహారము పంచిరి. అంతకు కొన్ని వారముల ముందు అమెరికా ప్రభుత్వము అనావృష్టి సహాయమునకై నాలుగున్నర కోట్ల డాలర్లు మంజూరు చేసియుండెను. ఆ సొమ్ము విత్తనములకును పశువుల మేతకును అప్పుగా ఇయ్యవచ్చును గాని, మనుష్యుల తిండికి ఇయ్యరాదనిరి. ప్రభుత్వము అన్నము పెట్టిన మనుష్యుడు చెడిపోవునట. ఎద్దు మాత్రము చెడిపోదు కాబోలు.

ఈ త్రోవలో మనవారును నడిచిరి. ఆ కాలమున ప్రపంచమున పండిన రబ్బరులో సగమునకు మించి అమెరికాయే కొనుచుండెను; కారణము మోటారు కార్ల చక్రములు. 1929లో ఆ దేశమున 53 లక్షల మోటారు బండ్లు తయారయ్యెను. 1932లో అవి 14 లక్షలకైనను రాలేదు. 1929లో పౌనుకు సుమారు 20 సెంట్లు పలికిన రబ్బరు 1932లో నాలుగు సెంట్లకును దిగిపోయెను. మలయా దేశపు తోటలలో దినకూలి తగ్గించిరి. గీత పని నిలిపిరి. 1930 మొదలు 1932 వరకు లక్షకు మించిన భారతీయ కూలీలను ఓడలెక్కించి త్రిప్పి పంపిరి. వారిలో హెచ్చుమంది తమిళులు; విశాఖపట్టణము, గోదావరి జిల్లాల తెలుగువారును కలరు. డెట్రాయిటు నగరమున ఒక గుమాస్తా కారు కొనుట మానగా, పెరాక్‌లోని తోటలో ఒక తెలుగు తల్లి తట్టాబుట్టా సర్దుకొనెను. ఆ గుమాస్తాకు ఆమె సంగతి తెలియదు, ఆమెకు వాని సంగతి తెలియదు. అమెరికాయును ఇదే పని చేసెను. పొలములలో పనిచేయుచుండిన మెక్సికో దేశస్థులను లక్షలకొలది సరిహద్దు దాటించెను. వారిలో పెక్కురు అమెరికాలోనే పుట్టిన బిడ్డలు.

1933 మార్చి 4వ తేదీన రూజ్వెల్టుగారు అధ్యక్షులైరి. బ్యాంకులను కొన్ని దినములు మూసి, పరీక్షించి, మంచివానిని తెరపించిరి. ఆ యేడే చట్టము చేసి 1934 జనవరి 1వ తేదీ నుండి బ్యాంకులో దాచిన సొమ్మునకు 2,500 డాలర్ల వరకు పూచీ ఇచ్చిరి. చిన్నవాని సొమ్మునకు నేరుగా ఇచ్చిన పూచీ యది, అది ఫలించెను. మన దేశమునందును 2020 నుండి బ్యాంకు సొమ్మునకు అయిదు లక్షల రూపాయల వరకు ఇట్టి పూచీ కలదు. చీటీల సొమ్మునకు ఆ పూచీ లేదు. ఇంటి ఆడవారు ఈ సంగతి తెలిసికొని యుండవలెను.

ప్రత్తి విషయమున మాత్రము మరియొక రీతిగా జరిగెను. ధర పెంచుటకై పంట తగ్గింపవలెనని, 1933 వేసవిలో ఎదిగియున్న ప్రత్తిని సుమారు కోటి ఎకరములలో దున్నించివేసిరి. చాళ్లు త్రొక్కకుండ నడచుటకు నేర్పబడిన కంచరగాడిదలు ప్రత్తిని త్రొక్కుటకు ఒప్పుకొనలేదని అక్కడివారు చెప్పుకొందురు. పంట మానినందుకు ప్రభుత్వము సొమ్ము ఇచ్చెను. ఆ చెక్కు వచ్చినది దొర పేర. సగపాలువాని భాగము దొర ఇయ్యవలెను. పాత అరువు క్రింద చెల్లు వేసికొన్నవారు అనేకులు. అంతటితో ఆగలేదు. నాటవలసిన నేల తగ్గగా చేతులును తక్కువ చాలును గదా యని, అనేక కుటుంబములను గుడిసెలనుండి వెళ్లగొట్టిరి. సహాయమునకై చేసిన చట్టమే వారిని వీధిలో పడవేసెను.

1934 జూలైలో అదే ఆర్కన్సాలోని టైరంజా దగ్గర ఒక బడిలో 11 మంది తెల్లవారు, 7గురు నల్లవారు కూడి దక్షిణ కౌలుదారుల సంఘమును స్థాపించిరి. రెండు జాతులకును రెండు సంఘములుండవలెనా, ఒకటి చాలునా యను ప్రశ్న వచ్చెను. 1919లో ఆ రాష్ట్రమందే ఎలెయిను వద్ద నల్లవారి సంఘమును రక్తములో ముంచిన సంగతి అందరికిని జ్ఞాపకమే. అయినను ఒకటే సంఘమని నిశ్చయించిరి. వారి కోరికలలో ముఖ్యమైనది, చెక్కు మా పేర రావలెననుట.

సొమ్ము ఎవరికై ఇచ్చిరో వారి చేతికే నేరుగా చేరవలెనని నేనును చాలకాలము తలంచి, అంతతో సరియనుకొంటిని. కాని చరిత్ర మరియొక పాఠము చెప్పినది. కొన్నేండ్లకు సొమ్ములో సగపాలువాని భాగమును నేరుగా ఇయ్యసాగిరి. అంతట దొరలు సగపాలువారినే తీసివేసి దినకూలీలను పెట్టుకొనిరి. దినకూలికి ఆ సొమ్ములో పాలు లేదు. 1939 జనవరిలో, గట్టి చలిలో, మిస్సోరీ రాష్ట్రపు ఆగ్నేయ భాగమున వెయ్యిమందికి పైగా కూలివారు పొయ్యిలను, పరుపులను, కోళ్లను వెంటబెట్టుకొని రాజమార్గముల ప్రక్క కాపురము పెట్టిరి. వారిని నడిపినవాడు ఓవెన్ విట్‌ఫీల్డ్ అను నల్లవాడు. తానును సగపాలుకు సేద్యము చేసినవాడే, బోధకుడు. కొన్ని దినములలోనే, ఆరోగ్యమునకు భంగమని చెప్పి పోలీసులు వారిని అచ్చటనుండి తొలగించిరి. ఆ కాలపు చట్టములలో వారికి దిక్కు లేదు. ముసలితనపు భృతికై 1935లో చేసిన చట్టము వ్యవసాయ కూలీలను విడిచిపెట్టెను. సంఘముల హక్కు చట్టమును, 1938 నాటి కనీస కూలి చట్టమును అట్లే చేసెను. భృతి చట్టములోనికి కొందరు వ్యవసాయ కూలీలను తీసికొన్నది 1950లో.

కావున నా మాట యిది: పని యిచ్చువాని చేతిలోనే ఇల్లు కూడ ఉన్నంతకాలము, ఏ సహాయము వచ్చినను కూలివానికి సగమే వచ్చినట్లు. పని పోయిన దినమందే ఇల్లు పోవునని యెరిగినవాడు తన భాగపు చెక్కును అడుగుటకు భయపడును. 2008లో అమెరికాలో మరల గొప్ప కష్టము వచ్చినప్పుడు, బ్యాంకు పూచీ యుండుటచే చిన్నవారి దాపు సొమ్ము నిలిచినది; ఇండ్లు మాత్రము లక్షలకొలది కుటుంబములు పోగొట్టుకొనినవి. మన తోటలలో ఇల్లు పనితో కట్టుబడియుండుట మీకు నేను చెప్పనక్కరలేదు. సంఘపు సభలలో కూలి రేటును గూర్చి వాదించునప్పుడు, పని నిలిచిన నెలలలో లైను ఇల్లు ఎవరిదను ప్రశ్నను కూడ అడుగుడు. జవాబును కాగితము మీద పుచ్చుకొనుడు.

మిస్సోరీలో దారిప్రక్క కూర్చున్నవారి కథ అచ్చట ముగియలేదు. తరువాతి రెండేండ్లలో ప్రభుత్వము ఆ ప్రాంతమున ఏ దొరకును చెందని నేలమీద పది చిన్న పల్లెలు కట్టించెను. ఇండ్లు సుమారు ఆరు వందలు. 1945లో వానిని అమ్మివేయవలెనని ప్రభుత్వము తలపెట్టగా, కూలివారి మేలు కోరినవారు కొందరు ధర్మసంస్థ యొకటి ఏర్పరచి ఆ పల్లెలను కొనిరి. అందు కాపురమున్న కుటుంబములు ఆ సంస్థకు వాయిదాలు చెల్లించి తమ యిండ్లను తమ పేర వ్రాయించుకొనెను.