ఓటీపీ చెప్పే ముందు కాంట చూడండి

పోస్టు కొంచెం పొడుగుంటది. పరదాలు కప్పి ఇంటికొచ్చినంక తీరిగ్గా చదవండి.

వడ్ల కొనుగోలు అంతా ఆన్‌లైన్ అయింది, ఇగ రైతును మోసం చేసేటోడు లేడు అని ఒకాయన మొన్న మన ఊరి గ్రూపులో రాసిండు. నేను ఇంటర్ దాకనే చదివిన గానీ లెక్క చేయొస్తది. నా పోయిన యాసంగి లెక్క చెప్త, మీరే చూడండి.

మూడెకరాలు. 175 సంచులు. సంచికి 40 కిలోల లెక్కన 70 క్వింటాళ్లు. తేమ మిషన్ పెడితే 15 వచ్చింది, 17 దాకా తీసుకోవాలని రూల్ ఉన్నది కాబట్టి అక్కడ పేచీ లేదు. కాంట మీద మాత్రం సంచికి 42 కిలోలు పెట్టిన్రు. ఖాళీ గోనె సంచి బరువు 600 గ్రాములు తీసేసినా సంచికి కిలో 400 గ్రాములు ఎక్కువ పోయినట్టు. 175 సంచులకు 245 కిలోలు. అప్పటి ఏ గ్రేడు ధర 2,320 లెక్కన 5,684 రూపాయలు. అడిగితే "అందరికీ అంతే కాకా" అన్నరు.

కాంట అయిన రోజే నా ఫోనుకు ఓటీపీ వచ్చింది. సెంటర్ పిల్లగాడు అడిగిండు, చెప్పిన. నాలుగు రోజులకు ఫోన్ చేసిండు. "లారీ మిల్లు కాడ ఆగింది, తాలు ఉందంటున్నరు, క్వింటాకు రెండు కిలోలు ఒప్పుకుంటెనే దించుకుంటరట. లేకుంటే లారీ వాపస్ వస్తది, కిరాయి నీదే." వడ్లు నా కల్లంలో లేవు, నా ముందట లేవు. ఎంత తాలు ఉన్నదో చూసినోడు మిల్లోడే, చెప్పినోడూ మిల్లోడే. ఒప్పుకున్న. ఇంకో 140 కిలోలు పోయినయి. రెండూ కలిపితే 8,932 రూపాయలు, దాదాపు హార్వెస్టర్ కిరాయంత.

ఆ తర్వాత మెసేజ్ వచ్చింది, 68 క్వింటాళ్ల 60 కిలోలు కొన్నట్టు. పైసలు కూడా ఆ లెక్కకే పడ్డయి, ఒక్క రూపాయి తేడా లేదు. ఇప్పుడు ఏ ఆఫీసరు వచ్చి కంప్యూటర్ తీసి చూసినా నేను అమ్మింది 68.60, తీసుకున్నది 68.60. తరుగు అనే మాటే అందులో లేదు. మునుపు చిట్టీ మీద కొట్టేసిన గీతన్నా కనబడేది.

నా పంచాయితీ ఫోనుతోటి కాదు. పాత రోజులే మంచిగుండె అనేటోళ్లతోటి నేను కలవను. ఆ రోజులు నేను చూసిన. సేటు తరాజు, సేటు బాట్లు, సేటు చెప్పిన ధర, పైసలకు మూడు నెలలు తిరుగుడు. యార్డుల్లో తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరం చేసుకుంటుంటే సరుకు తెచ్చిన రైతు పక్కన నిలబడి బిత్తర చూపులు చూసేది. ఇప్పుడు ఖాతాలో నేరుగా పడుతున్నయంటే అది ఈ డిజిటల్ పుణ్యమే, కాదనను. 2016 ఏప్రిల్‌లో ఈ-నామ్ మొదలైనప్పుడు మొదటి 21 మార్కెట్లలోనే మన నిజామాబాద్ ఉన్నది, పసుపు కోసం. ఒక ఖరీదుదారు వేసిన ధర ఇంకొకరికి కనబడకుండా కంప్యూటర్‌లో వేయాలె. అంటే ఆ మిషన్‌ను కొనేటోని దిక్కు తిప్పిన్రు. నేను అడిగేది గూడ గదే.

వడ్ల దగ్గర ఆ మిషన్ ఎవరి దిక్కు తిరిగి ఉన్నది? నా ఆధార్ అడుగుతది, పాస్‌బుక్ అడుగుతది, ఏ సర్వే నంబర్‌ల ఎన్ని గుంటలు వేసిన్నో అడుగుతది, ఎకరానికి ఇన్ని క్వింటాళ్లకన్న మించితే ఎక్కడివని అడుగుతది. మంచిదే, పక్క రాష్ట్రం వడ్లు మన పేరు మీద అమ్మకుండా ఉంటది. మరి మిల్లు గేటు దాటినంక ఆ వే బ్రిడ్జి మీద లారీ ఎంత తూగింది నా ఫోనుకు ఎందుకు రాదు? తాలు ఉందన్నోడు ఫొటో తీసి ఎందుకు పెట్టడు? ఎంత శాతమో ఎందుకు రాయడు? రూలు ప్రకారం మట్టి, రాళ్లు 1 శాతం, చెత్త, తాలు లాంటివి 1 శాతం, ముడుచుకున్న గింజ 3 శాతం దాకా చెల్లుతది. దాటితే దాటిందని రాసి చూపియ్యాలె. ఫోన్‌లో నోటిమాటగా కిలోలు కోసుడు ఏ రూలులో లేదు.

కౌలు రైతుల గోస ఇంకో రకం. మా వాడకట్టులో ఒకాయన నాలుగెకరాలు కౌలుకు చేస్తడు. పంట ఎక్కింది పట్టాదారు పేరు మీద. పట్టాదారు ఉండేది హైదరాబాద్‌ల. ఓటీపీ ఆయన ఫోనుకు పోతది, ఆయన మీటింగులో ఉంటడు, ఈయన కాంట కాడ ఫోన్ పట్టుకుని చెట్టు కింద అటూ ఇటూ తిరుగుతడు. పైసలు కూడా ముందు అటే పోతయి. చెమట ఎవరిదో మాత్రం ఆ ట్యాబు ఎన్నడూ అడగలే.

పత్తోళ్లకు 2025లో కపాస్ కిసాన్ యాప్ వచ్చింది, స్లాట్ బుక్ చేసుకోవాలె. తేమ 12 శాతం దాటితే కొనరు. స్లాట్ దొరికిన రోజే వాన పడితే ఏం చేయాలె? మబ్బుకు స్లాట్ తెల్వదు గదా. సరే, పత్తి సంగతి పత్తోళ్లే మంచిగ రాస్తరు, నాకు వడ్లే తెలుసు.

2025-26 సీజన్‌కు ఏ గ్రేడు 2,389. మన ఊరి సెంటర్‌కు వచ్చేటోళ్లకు ఒక్కటే చెప్త. ఓటీపీ అంటే ఏదో నంబర్ కాదు, అది మన దస్కత్. ఖాళీ కాగితం మీద దస్కత్ పెట్టుమంటే పెడ్తమా? కాంట అయినంక సంచులెన్ని, తేమ ఎంత, తూకం ఎంత, మూడూ మన ముందటే ట్యాబులో కొట్టాలె, మనకు చూపియ్యాలె, అప్పుడు ఓటీపీ చెప్దాం. "బరువు తర్వాత ఎక్కిస్తం" అంటే ఓటీపీ కూడా తర్వాతనే. సెంటర్ నడిపే ఆడబిడ్డల మీద అరవకండి, వాళ్లు మన ఊరోళ్లే, మిల్లు నుంచి ఒత్తిడి వాళ్ల మీద కూడా ఉన్నది. వాళ్లతో ఒక మాట అనుకుందాం. సంచి 40 కిలోల 600 గ్రాములు దాటొద్దు. మిల్లు తరుగు అంటే రాతపూర్వకంగా రావాలె, లేదా లారీ వాపస్ రావాలె. ఒక్కని లారీ వాపస్ వస్తే వాడు మునుగుతడు, నేను అందుకే ఒప్పుకున్న. పది లారీలు వాపస్ పంపుడు మిల్లోని తరం కూడా కాదు, వాడికి కూడా బియ్యం పట్టి సర్కారుకు అప్పజెప్పే గడువు ఉంటది.

కౌలోళ్లు పట్టాదారుకు ఇప్పుడే ఫోన్ చేసి పెట్టుకోండి. ఆధార్‌కు పాత సిమ్ ఉన్నోళ్లు మీసేవకు పోయి మార్పించుకోండి, కాంట రోజు గుర్తుకొస్తే లాభం లేదు.

నా వడ్లు ఎల్లుండి కాంటకు వస్తున్నయి, సీరియల్ 14. నోటుబుక్కు, పెన్ను పట్టుకుని పొద్దున ఏడింటికే పోత. ట్యాబులో నంబర్ చూపియ్యకుంటే ఓటీపీ చెప్పను. నా ముందర 13 మంది ఉన్నరు, ఎవరెవరో మీకు తెలుసు. వాళ్లు కూడా ఇదే మాట మీద ఉంటే కింద కామెంట్‌ల పేరు రాయండి, రేపు సాయంత్రం గ్రామ పంచాయతీ ముందట కలుద్దాం.